మిరపకాయల గోదాములో రాసిన వీలునామా

ఈ మధ్య ఒక కుర్ర వకీలు నన్ను చూడటానికి వచ్చి, వీలునామాల మీదా వారసత్వాల మీదా ఏదో పెద్ద సభ జరిగిందనీ, తాను వెళ్లి వచ్చాననీ చెప్పాడు. మంచి తోలు సంచి ఇచ్చారట. అందులో కలం, పుస్తకం కూడా ఉన్నాయట. ఏం నేర్చుకున్నావని అడిగితే కాసేపు ఆలోచించి, భోజనాలు బాగున్నాయన్నాడు. నాకు ఒళ్లు మండింది. అలాంటి సభ ఒకటి మేమూ జరిపాం, సిద్దిపేటలో, యుద్ధం ఇంకా నడుస్తున్న రోజుల్లో. మా సభలో భోజనాలు బాగాలేవు. కానీ అక్కడ నేను చేసిన తప్పు నాకు ఏ పుస్తకమూ నేర్పని పాఠం నేర్పింది. కొత్తగా నల్లకోటు తొడుక్కున్నవాళ్లు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను. చదవకపోయినా నష్టం లేదు, రాస్తే నాకు బరువు తగ్గుతుంది.

అప్పుడు మాది నిజాం రాజ్యం. సిద్దిపేటలో ఒక మున్సిఫ్ కోర్టు, దాన్ని నమ్ముకుని పదిమందిమి వకీళ్లం. కోర్టు మాట్లాడేది ఉర్దూ, కక్షిదారు మాట్లాడేది తెలుగు, మధ్యలో షేర్వానీ తొడుక్కుని నిలబడేది మేము. నేను మా సీనియరు దగ్గర మూడో ఏడు పనిచేస్తున్నాను. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. కాగితంలో ఒక్క గీత వంకరపోతే కాగితమంతా చించి పారేసేవారు. అలాంటి మనిషికి ఆ ఏడు ఒక పెద్ద మనోవ్యాధి పట్టుకుంది. మా చుట్టుపక్కల కోర్టుల్లో వీలునామాలు వరసగా కొట్టుకుపోతున్నాయి. ఒకదానిలో సాక్షులే లేరు. ఇంకొకదానిలో సాక్షిగా వేలిముద్ర వేసినవాడు ఆ తేదీకి ముందే కాలం చేశాడు. తప్పు రాయించుకున్నవాళ్లది కాదు, రాసిచ్చిన వకీళ్లది. ఇక ఊరుకుంటే లాభం లేదని ఆయన మెదక్, గజ్వేల్, జనగామ, కరీంనగర్ వకీళ్లందరికీ ఉత్తరాలు రాయించి, రెండు రోజుల సభ పెట్టారు.

సభకు ఇల్లు దొరకలేదు. చివరికి ఒక వర్తకుడు తన గోదాము ఇచ్చాడు. అది ఎండు మిరపకాయల గోదాము, పైగా పంట వచ్చే కాలం. సంచులన్నీ గోడలకు జరిపి, మధ్యలో జంపఖానాలు పరిచాం. బొగ్గుతో నడిచే బస్సుల్లో మసిబారిన మొహాలతో నలభై మంది వకీళ్లు దిగారు. దిగినవాళ్లు దిగినట్టే తుమ్మడం మొదలుపెట్టారు. మున్సిఫ్ గారు వచ్చి సభ ప్రారంభించి, నాలుగు మాటలు చెప్పి, నాలుగుసార్లు తుమ్మి, చక్కెర దొరకక బెల్లంతో కాచిన చాయ్ తాగి వెళ్లిపోయారు. ఆయన అలా వెళ్లిపోవడమే మంచిదైంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

రెండో రోజు మా సీనియరుకు ఒక ఆలోచన వచ్చింది. ఉపన్యాసాలు చాలు, వీలునామా ఎలా రాయించాలో కళ్లకు కట్టినట్టు చేసి చూపిద్దామన్నారు. రాయించుకునే మనిషిగా ఒకరు కూర్చోవాలి, ఆయన ప్రశ్నలు అడుగుతారు, అర్జీలు రాసే మున్షీ కాగితం రాస్తాడు, ఇద్దరు సాక్షి సంతకాలు పెడతారు. అంతా బాగానే ఉంది కానీ, రాయించుకునే మనిషిగా కూర్చోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ఊళ్లో వాళ్లందరి వీలునామాలూ రాసే నలభై మందిలో ఉత్తుత్తిగా తన వీలునామా చెప్పడానికి ఒక్కడికి ధైర్యం చాలలేదు.

"మా ఇంటామె విన్నదంటే ఇంట్లకు రానియ్యది," అన్నాడు గజ్వేల్ వకీలు.

మా సీనియరు దగ్గరి గుమాస్తాకు అప్పటికప్పుడు కడుపునొప్పి వచ్చింది. సీనియరు నా వైపు చూసి, "ఏమయ్యా, నువ్వు కూసో," అన్నారు. నాకు పెళ్లయి ఆరు నెలలు. చావు మాట నోట పలకాలంటే నాకూ నాలుక రాలేదు. "ఎవరినన్న తోల్కస్త సాబ్," అని బయటపడ్డాను. మిగతావాళ్లను చూసి నవ్వుతున్నాను గానీ నేనూ ఆ గుంపులోవాణ్ణే.

గోదాము గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. ఆయన నా కక్షిదారే. సిద్దిపేటకు రెండు కోసుల దూరంలో పల్లె. పొలానికి పోయే బాట మీద ఏదో తగాదా ఉంటే నేను చూస్తున్నాను. ఆ రోజు అంగడికి వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. దేవుడు పంపినట్టే అనిపించింది నాకు.

"తాతా, లోపటికొచ్చి కూసో. మా పెద్ద వకీల్ సాబ్ వీలునామా సంగతి అడుగుతడు. ఉన్నదున్నట్టు చెప్పు, గంతే."

"ఉన్నదున్నట్టేనా?"

"ఆ, ఉన్నదున్నట్టే."

"లోపట ఎవరెవరున్నరు?"

"చుట్టుపక్కల వకీళ్లంత ఉన్నరు తాతా. నలభై మంది."

ముసలాయన లోపలికి ఒకసారి తొంగి చూసి, "కాళ్లు కడుక్కొని వస్త," అన్నాడు. తొట్టి దగ్గరికి వెళ్లి కాళ్లూ మొహమూ కడుక్కున్నాడు. గొంగడి మడిచి చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు. ఇదంతా చేసి చూపించడానికేనని, నిజం కాదని నేను చెప్పలేదు. తొందరలో ఉన్నాను. చెబితే తడబడతాడని కూడా ఒక మూల అనిపించింది. ఆట రక్తి కట్టాలి కదా.

సీనియరు అప్పటికే సభకు చెప్పి ఉన్నారు: "వీలునామాకు స్టాంపు కాయితం అక్కర లేదు, రిజిస్ట్రీ అక్కర లేదు. మనిషికి సోయి, తెలివి ఉండాలె. చెప్పేది వాని మనసుల మాటై ఉండాలె. చూసి సంతకం పెట్టెటోళ్లు ఇద్దరుండాలె. గీ మూడుంటే బీడీ కట్ట మీది కాయితం మీద రాసిన చెల్లుతది." మున్షీ తెల్లకాగితం తీసి, పైన 'నమూనా' అని రాసి పెట్టుకున్నాడు. ముసలాయన వచ్చి జంపఖానా మీద కూర్చున్నాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు.

"నీకెవరున్నరు తాతా?" సీనియరు మొదలుపెట్టారు.

"ఇంటామె ఎన్నడో పోయింది. కొడుకుండె. మూడేండ్లాయె, పాము కరిచి పోయిండు. కోడలున్నది. పిల్లలు లేరు."

"అన్నదమ్ములు?"

"అన్న పోయిండు. ఆయన కొడుకులిద్దరున్నరు. మేము ఏరువడి ఇరవై ఏండ్లు దాటె."

"భూమి ఎంత? ఎట్లొచ్చింది?"

"రెండెకరాలు, బాయి కింద. పెద్దల సొత్తు కాదయ్యా, నేను కొన్నదే. బాయి నేను, నా ఇంటామె తవ్వినం."

"ఎవరికియ్యాలనుకున్నవు?"

"కోడలికి."

సీనియరు సభ వైపు తిరిగి, ఇప్పుడు అసలు ప్రశ్న వస్తుందని వేలెత్తి చూపారు. ఆ రోజుల్లో భర్త పోయిన కోడలికి మామ ఆస్తిలో తిండిబట్ట తప్ప హక్కేమీ లేదు. వీలునామా లేకపోతే ఆ రెండెకరాలూ నేరుగా అన్న కొడుకులకే పోతాయి. అందుకే ఇలాంటి కాగితంలో కారణం అడిగి రాయించాలని ఆయన ఉదయమంతా చెప్పారు.

"నీ అన్న కొడుకులుండంగ, పరాయింటి నుంచి వచ్చిన పిల్లకెందుకు ఇస్తవు?"

ముసలాయన గొంగడి మడత సర్దుకున్నాడు.

"పరాయిల్లు ఏందయ్యా. నా కొడుకు పోయిన పదకొండో దినం అన్న కొడుకులొచ్చి, పొలం ఎప్పుడొదుల్తవని అడిగిన్రు. పన్నెండో దినం పొద్దుగాల నేను లేచేసరికి బాయి కాడ మోట సప్పుడైతున్నది. నిద్రమబ్బుల నా కొడుకే లేచిండనుకున్న. ఉరికిన. పోయి చూస్తె కోడలు. ఎడ్లను తోలుకుంట నీళ్లు తోడుతున్నది. మా ఊర్ల ఆడిది మోట కొట్టంగ ఎవ్వరు చూడలె. ఇయ్యాల్టి దాంక అది కొడుతనే ఉన్నది, నేను తింటనే ఉన్న."

గోదాములో తుమ్ములు ఆగిపోయాయి. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. మిరప ఘాటుకో, మరి దేనికో నేను చెప్పలేను.

మున్షీ రాసినదాన్ని సీనియరు తెలుగులో చదివి వినిపించారు. హద్దుల దగ్గరికి రాగానే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉత్తరం బాట కాదయ్యా. బాట తూర్పుకున్నది. ఉత్తరం దిక్కు ఒర్రె."

"ఫరవాలేదు తాతా, ఇది..." అంటూ సీనియరు నవ్వబోయారు.

"ఫరవా ఉన్నది. రేపు గాళ్లు గదే పట్టుకుంటరు. కొట్టెయ్యిమను. కొట్టేసిన కాడ నా వేలు పెడత."

ఈసారి సభంతా నవ్వింది. సీనియరు సంబరపడి, దిద్దుబాటు చేస్తే ఇలాగే చెయ్యాలి, చూసి నేర్చుకోండి అన్నారు. బాటను కొట్టేసి, వాన నీళ్లు పారే ఆ చిన్న వాగును ఒర్రె అని రాశారు, పక్కన ముసలాయన వేలిముద్ర పడింది. కింద ఇంకొకటి పడింది. సాక్షులుగా మా సీనియరు, జనగామ నుంచి వచ్చిన ఒక పెద్ద వకీలు సంతకాలు చేశారు. చప్పట్లు మోగాయి. ముసలాయన లేచి, ఒక్కో వరసకూ దండం పెట్టాడు. పోతూ పోతూ నన్ను అడిగాడు: "కాయితం ఎవరి దగ్గరుంటది?"

"నా దగ్గరనే," అన్నాను, ఇంకెవరితోనో మాట్లాడుతూ.

కాగితం నా దగ్గర లేదు. అది చేతులు మారుతూ మారుతూ జనగామ వకీలు దగ్గర ఆగింది. మా గుమాస్తాలకు చూపిస్తానని ఆయన సంచిలో పెట్టుకుని పోయాడు. నేను వద్దనలేదు. వద్దనడానికి అదేమైనా నిజం కాగితమా అనుకున్నాను.

నెల తిరక్కముందే ముసలాయన నా గదికి వచ్చాడు, మూటలో వంకాయలు పట్టుకుని. కాగితం భద్రంగా ఉందా అని అడిగాడు. ఆయన దాన్ని నిజం కాగితమే అనుకుంటున్నాడని అప్పుడు తట్టింది నాకు. అదంతా ఉత్తదే తాతా, ఇప్పుడు నిజంగా ఒకటి రాద్దాం కూర్చో అనాలి. అంత చిన్న మాట. ఆ మొహంలో నిశ్చింత చూసి నాకు నోరు రాలేదు. కాగితాల పెట్టె బల్ల మీద మూత తెరిచే ఉంది. దాని మీద చెయ్యి వేసి, "గీ పెట్టెలనే ఉన్నది తాతా," అన్నాను. ముసలాయన పెట్టెను చూశాడు, నన్ను చూశాడు. "మంచిది బిడ్డా, నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే," అని వెళ్లిపోయాడు. తీరిక చేసుకుని జనగామకు ఉత్తరం రాద్దాం, లేదా కొత్తది రాయిద్దాం అనుకున్నాను. ఆ వంకాయల కూర రెండు పూటలు తిన్నాను కానీ ఉత్తరం మాత్రం రాయలేదు.

వానలు ఇంకా పడనే లేదు, ముసలాయన పోయాడు. పదిహేనో రోజున ముప్పై ఏళ్ల మనిషి ఒకామె నా గది ముందు నిలబడింది. అరచేతుల నిండా కాయలు కాచి ఉన్నాయి. చెప్పకముందే ఎవరో నాకు అర్థమైంది.

"అయ్యా, ఎడ్లను తోల్కపోయిన్రు. మోట ఇప్పి ఇంట్ల పెట్టుకున్నరు. పట్టా మార్పియ్యనీకి తాసీలు కచేరీల దరఖాస్తిచ్చిన్రట. ఎల్లిపొమ్మంటున్నరు. కాయితం మీ దగ్గరున్నదని మామ చెప్పిండు."

జీవితంలో సిగ్గుతో తల దించుకున్న రోజులు నాకు చాలానే ఉన్నాయి. అంతగా దించుకున్నది మాత్రం ఆ రోజే. "ఎనిమిది రోజులు గడువియ్యమ్మా," అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు. ఆమె మెట్లు దిగుతుంటే నేనొక నిర్ణయం చేసుకున్నాను. వకాలత్ పోయినా సరే, ఆ రెండెకరాలు ఆమెకు దక్కాలి.

మర్నాడే జనగామ బస్సెక్కాను. చేర్యాల దాటాక బస్సు మొరాయించింది. ఎంత బొగ్గు వేసినా, ఎంత చక్రం తిప్పినా కదలనంది. కొంత దూరం ఎండు గడ్డి బండి మీద, కొంత నడిచి, ఒళ్లు హూనమై జనగామ చేరాను. ఆ పెద్ద వకీలు గదిలో అడుగు పెట్టగానే కాగితం కనిపించింది. గోడకు మేకు కొట్టి వేలాడుతోంది. దాన్ని అట్టకు మైదా పిండితో అతికించి, పైన రంధ్రం చేసి, గుమాస్తాలు చూసి రాసుకోవడానికి పెట్టుకున్నారు. కాగితం చెక్కుచెదరలేదు. రెండు వేలిముద్రలూ నీలంగా కనిపిస్తున్నాయి. నాకు అట్టను కావలించుకోవాలనిపించింది.

సంగతంతా చెప్పాను. ఆయన అట్ట ఇచ్చాడు కానీ సాక్ష్యానికి రానన్నాడు.

"అది తమాషాకు పెట్టిన సంతకం. బోనెక్కి ఏం చెప్పాలె నేను? ఊరంత నవ్వుతది. నన్నిడిసిపెట్టు."

బతిమాలాను, కోపం చేశాను, ఆయన గుమ్మంలో ఒక పూట కూర్చున్నాను. లాభం లేకపోయింది. ఇద్దరు సాక్షుల్లో ఒక్కరైనా కోర్టుకు వచ్చి చెబితే తప్ప ఆ కాగితం నిలబడదు. మిగిలింది మా సీనియరే.

ఆయన అట్టను చూసి మొహం ఎర్రగా చేసుకున్నారు.

"నలభై మంది ముందు పాఠం చెప్పిన మనిషిని. నేను పెట్టిన ఆట ఒకని కొంప ముంచిందని కోర్టుల నేనే చెప్పాలెనా? నువ్వు ముసలోనికి ముందుగాలనే చెప్పకపోతివి. అడిగిననాడన్న చెప్పకపోతివి. ఇప్పుడు నా నోటితోని చెప్పిస్తవా?"

"తప్పు నాదే సాబ్. నేను గుడ బోనెక్కుత. నా వకాలత్ ఇంకొకరికిచ్చి సాక్షిగ నిలవడత. మీరు జూసింది చూసినట్టు చెప్పుండ్రి, చాలు."

ఆయన పొమ్మన్నారు. నేను పోలేదు. మూడు రోజులు అదే పనిగా ఆయన వెంటపడ్డాను. ఆయన కోర్టుకు పోతే కోర్టుకు, ఇంటికి పోతే ఇంటికి. నాలుగో రోజు ఆమెను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన ఆమెను అరుగు మీద కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. ఆయన ఒక్కటే అడిగారు.

"ఆనాడు గోదాముల కెళ్లి ఇంటికొచ్చినంక మీ మామ ఏం చేసిండమ్మా?"

"మోటకు కొత్త మోకు కొన్కచ్చిండయ్యా, అంగట్ల. పాతది ఇంకా ఒక పంటకారు నడుస్తదని అంటె, నీ పొలానికి పాత మోకు ఎందుకు బిడ్డా అన్నడు. ఇగ నాకు రంది లేదన్నడు."

సీనియరు లేచి లోపలికి వెళ్లిపోయారు. కోపంతో వెళ్లారనుకున్నాను. కాసేపటికి షేర్వానీ తొడుక్కుని బయటికి వచ్చి, "దావా కాయితాలు చూపెట్టు. నువ్వు రాసినయంటే గీతలు వంకరనే ఉంటయి," అన్నారు.

విచారణ రోజు కోర్టు నిండిపోయింది. అన్న కొడుకుల తరఫు వకీలు మా ఊరివాడే, గోదాములో ముందు వరసలో కూర్చున్నవాడే. మున్సిఫ్ గారు అట్టను తిప్పి చూశారు, మేకు రంధ్రంలోంచి కూడా చూశారు. వీలునామాను ఇలా గోడకు వేలాడదీయడం తన సర్వీసులో మొదటిసారి చూస్తున్నానన్నారు. ఆ రోజు చాయ్ తాగి వెళ్లిపోకుండా ఉండి ఉంటే తాను కూడా ఈ కేసులో సాక్షినయ్యేవాణ్ణని నవ్వారు కూడా.

ముందు నన్ను పిలిచారు. అంతా ఉర్దూలోనే సాగింది. ముసలాయనకు ఇది ఆట అని నేను చెప్పలేదని చెప్పాను. కాగితం నా దగ్గర లేకపోయినా ఉందని అన్నానని చెప్పాను.

"అంటే మీ కక్షిదారుకు మీరు అబద్ధం చెప్పిన్రు," అన్నాడు ఎదుటి వకీలు.

"చెప్పిన."

కోర్టులో అంతకంటే పొట్టి జవాబు నేనెప్పుడూ ఇవ్వలేదు. అంతకంటే కష్టమైనదీ ఇవ్వలేదు.

తర్వాత మా సీనియరు బోనెక్కారు. కోర్టులో ఉర్దూ తప్ప మాట్లాడని మనిషి ఆ రోజు తెలుగులో మొదలుపెట్టారు. వాంగ్మూలం రాసుకునే పేష్కారు తెల్లబోయి మున్సిఫ్ గారి వైపు చూశాడు. ఆ మూలన నిలబడ్డ ఆమెకు అర్థం కావాలని, తర్జుమా మీరు చేసుకోండని సీనియరు అన్నారు. మున్సిఫ్ గారు సరేనని తల ఊపారు.

ఎదుటి వకీలు అట్ట పైకెత్తాడు. "పైన నమూనా అని రాసున్నది. నిజం వీలునామా అనుకొని సంతకం పెట్టిన్రా మీరు?"

"లేదు."

ఎదుటి వకీలు చాలునన్నట్టు కూర్చోబోయాడు.

"కూసోకు, నా జవాబు కాలేదు," అన్నారు సీనియరు. "నేనేమనుకున్న అన్నది కాదు ప్రశ్న. ఆయన సోయిల ఉన్నడా? ఉన్నడు. నా ముందట వేలు పెట్టిండా? పెట్టిండు. ఆయన ముందట నేను సంతకం చేసిన్నా? చేసిన. ఆట ఆడింది మేము. ఆయన ఆడలె. ఆట అనుకున్నోడు ఒర్రె యాడున్నదో, బాట యాడున్నదో అని కొట్లాడడు. కొట్టేసిన కాడ రెండో వేలు పెట్టడు. గా నమూనా అన్న మాట రాసింది మా మున్షీ, ఆయన రాకముందుగాలనే. నలభై మంది వకీళ్లల్ల సొంత వీలునామా మాట నోట్లకెళ్లి తీయనీకి ఒక్కనికి ధైర్యం లేకపాయె. ఆయనకున్నది. ఆనాడు మీరు గుడ కండ్లు తుడుసుకున్నరు, నేను చూసిన."

"మిరపకాయల ఘాటు సాబ్," అన్నాడు ఎదుటి వకీలు మెల్లిగా.

కోర్టంతా నవ్వింది. సీనియరు నవ్వలేదు. ఆ మనిషిని నేను అంతకుముందు గౌరవించాను. ఆ రోజు నుంచి ప్రేమించాను.

పది రోజులకు తీర్పు వచ్చింది. కాగితం చెల్లుతుందన్నారు. ఎడ్లూ మోటా తిరిగి ఇప్పించమన్నారు. ఇకమీదట వకీళ్లు నమూనాలు చూపించుకోదలిస్తే తమ సొంత ఆస్తులతో చూపించుకోవడం మంచిదని తీర్పు చివర ఒక వాక్యం కూడా రాశారు. ఆ వాక్యాన్ని మా సీనియరు కోపంతో నాలుగుసార్లు చదివారు. ఆ వారమే తన వీలునామా తాను రాయించుకుని నా చేత సాక్షి సంతకం పెట్టించారు.

తీర్పు నకలు తీసుకుని నేనే ఆ పల్లెకు వెళ్లాను. ఎడ్లూ మోటా అప్పటికే తిరిగి వచ్చాయి. ఆమె మోట కొడుతోంది. కొత్త మోకు అప్పటికే నీళ్లకు నలుపెక్కింది. నకలు చేతిలో పెట్టి, అక్కడే నా తప్పు కూడా చెప్పుకోవాలనుకున్నాను. కోర్టులో అందరి ముందూ చెప్పాను కానీ ఆమెకు విడిగా చెప్పనేలేదు.

"అమ్మా, ఆనాడు గోదాముల జరిగింది ఆట. మీ మామకు నేను చెప్పలె. ఆయన నిజమనుకున్నడు. మోసం చేసినట్టే అయింది. మన్నించాలె."

ఆమె ఎడ్లను ఆపి, నన్ను వింతగా చూసింది.

"మామకు ఎర్కేనయ్యా."

"ఏమెర్క?"

"ఆట అని. దర్వాజ కాడ నిలవడి అంత ఇన్నడట. ఊర్ల అన్న కొడుకులకు భయపడి సాక్షి పెట్టనీకి ఒక్కడు రాకపాయె, ఏడాది తిరిగిండు. సభల ఉన్నోళ్లు ఆట ఆడితె ఆడనియ్యి బిడ్డా, గంతమంది వకీళ్లు ఒక్కతాన మళ్ల నాకు దొరుకుతరా అన్నడు. ఆ పెద్దాయన స్టాంపు గుడ అక్కర లేదన్నడట గద."

"మరి ఈ మాట కోర్టుల ఎందుకు చెప్పకపోతివమ్మా?" అన్నాను.

"ఎవ్వరడిగిన్రయ్యా? మీ పెద్దాయన మోకు సంగతి అడిగిండు, చెప్పిన."

నలభై మంది వకీళ్లం, ఒక మున్సిఫ్, ఒక పేష్కారు. నిజమే, ఎవ్వరమూ అడగలేదు.

ఆమె పగ్గం చేతిలోకి తీసుకుంది. పోబోతూ ఆగి, ఇంకొక మాట చెప్పింది.

"మీ పెట్టెల కాయితం లేదని గుడ ఎర్కే. మూత తెరిచే ఉండెనట. ఇంటికొచ్చి అన్నడు, పెట్టెల లేదు బిడ్డా, గని ఆ పిలగాడు యాడున్నా తెస్తడు అని."

ఎడ్లు కదిలాయి. నేను బాయి గడ్డ మీద కూర్చుండిపోయాను. మోట పైకి వచ్చి, నీళ్లు కాలువలో పడ్డాయి.